ఆర్కిటిక్ పక్షి గుడ్లలోకి పురుగుమందులు ఎలా చేరాయి?

నార్వే ప్రధాన భూభాగానికీ, స్వాల్‌బార్డ్ దీవులకూ మధ్య బారెంట్స్ సముద్రంలో బ్యోర్నోయా అనే చిన్న దీవి ఉంది. ఇంగ్లిష్‌లో దాన్ని బేర్ ఐలాండ్ అంటారు. అక్కడ ఊళ్లు లేవు, పొలాలు లేవు, ఫ్యాక్టరీలు లేవు. వాతావరణ కేంద్రంలో పనిచేసే కొద్దిమంది తప్ప మనుషులు ఉండరు. వేసవి వచ్చిందంటే మాత్రం సముద్రం మీదికి నిటారుగా లేచిన దాని కొండ చరియలు లక్షలాది పక్షులతో నిండిపోతాయి.

ఆ దీవిలో గ్లాకస్ గల్ అనే పెద్ద తెల్లటి పక్షి ఒకటి ఉంటుంది. 1972లో వెలువడిన ఒక పరిశోధన ఆ పక్షి శరీరంలో పీసీబీలు భారీగా ఉన్నట్టు వెల్లడించింది. పీసీబీలంటే ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో వాడిన నూనెలాంటి రసాయనాలు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అదే దీవిలో చనిపోయిన, చావుకు దగ్గరపడిన గల్ పక్షులను నార్వే పరిశోధకులు పరీక్షించారు. వాటి కాలేయంలో, మెదడులో పీసీబీలు, డీడీటీ అవశేషాలు, ఇతర పురుగుమందుల జాడలు పెద్ద మోతాదులో కనిపించాయి.

ట్రాన్స్‌ఫార్మర్ లేని చోట ట్రాన్స్‌ఫార్మర్ నూనె, పంటే పండని చోట పురుగుమందు ఎలా వచ్చాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలోనే ఒక అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. ఆ జవాబులో భారతదేశం పేరు కూడా ఉంది.

చెడిపోకపోవడమే చేటు

ఈ రసాయనాలను శాస్త్రవేత్తలు ‘దీర్ఘకాలం నిలిచే సేంద్రియ కాలుష్యాలు’ అంటారు. పొట్టిగా ‘పాప్స్’. ఇక్కడ సేంద్రియం అంటే మనం మార్కెట్లో వినే సేంద్రియ వ్యవసాయం కాదు. కార్బన్ ఆధారిత అణువులని అర్థం. వీటిలో చాలావాటిలో కార్బన్‌కు క్లోరిన్, బ్రోమిన్ లేదా ఫ్లోరిన్ గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఆ బంధాన్ని ఎండ, నీరు, సూక్ష్మజీవులు అంత తేలిగ్గా తెంచలేవు.

పరిశ్రమకు ఇవి నచ్చడానికి కారణం కూడా అదే. వేడికి చెడిపోని నూనె, ఒకసారి చల్లితే నెలల తరబడి పనిచేసే పురుగుమందు, మంట అంటుకోని ప్లాస్టిక్, మరక పట్టని బట్ట... వీటన్నిటి వెనుకా ఉన్నది త్వరగా విరిగిపోని అణువులే. వాడుతున్నప్పుడు గుణంగా కనిపించిన మన్నిక, వాడి పారేశాక ప్రమాదంగా మారింది.

ఒక రసాయనాన్ని ఈ జాబితాలో చేర్చాలంటే ప్రధానంగా నాలుగు విషయాలు చూస్తారు. ప్రకృతిలో చాలాకాలం నిలవాలి. పుట్టిన చోటి నుంచి చాలా దూరం ప్రయాణించాలి. జీవుల శరీరాల్లో పేరుకుపోవాలి. మనుషులకో, ఇతర జీవులకో హాని చేయాలి. ఎవరూ వాడని చోట ఆ రసాయనం కనిపించడం రెండో అంశానికి బలమైన సాక్ష్యం. ఆర్కిటిక్‌కు ఇంత ప్రాధాన్యం రావడం అందువల్లే.

గాలిలో గెంతుతూ ఉత్తరానికి

బట్టల బీరువాలో పెట్టిన కలరా ఉండ కొన్ని నెలలకు మాయమవుతుంది. అది కరగదు, నేరుగా గాలిలో కలుస్తుంది. చాలా పురుగుమందులకూ, పీసీబీలకూ ఇదే స్వభావం ఉంది, కాకపోతే ఇంకా మెల్లగా. వేడి ప్రాంతంలో నేల మీద నుంచి, నీటి మీద నుంచి కొద్దికొద్దిగా ఆవిరై గాలిలోకి లేస్తాయి. గాలితో పాటు కదిలి, చల్లటి చోట మళ్లీ నేల మీదో, నీటి మీదో, మంచు మీదో దిగుతాయి. అక్కడ ఎండ పడితే మళ్లీ లేస్తాయి. మిడత గెంతినట్టు ఇలా లేస్తూ దిగుతూ చివరికి ధ్రువ ప్రాంతానికి చేరతాయి. అక్కడి చలికి తిరిగి లేవడం తగ్గిపోతుంది. కెనడాలో పనిచేసిన ఫ్రాంక్ వానియా, డొనాల్డ్ మాకే అనే శాస్త్రవేత్తలు 1990లలో ఈ ప్రక్రియను సిద్ధాంతంగా రూపొందించారు.

అన్ని రసాయనాలూ ఒకే దారిన పోవు. తేలిగ్గా ఆవిరయ్యేవి రోజుల్లో, వారాల్లో గాలి మీద చేరిపోతాయి. నీటిలో ఎక్కువగా కలిసేవి సముద్ర ప్రవాహాలతో ఏళ్ల తరబడి నడుస్తాయి. కొన్ని ప్లాస్టిక్ ముక్కల్లో ఇమిడి తేలుతూ వెళ్తాయి. పక్షులు కూడా వీటిని మోస్తాయి. ఆర్కిటిక్‌లో గూడు కట్టే కిట్టివేక్ లాంటి పక్షులు చలికాలమంతా ఉత్తర అట్లాంటిక్‌లో గడుపుతాయి. అక్కడ తిన్న చేపల్లోని రసాయనాలను ఒంట్లో పెట్టుకుని వసంతంలో ఉత్తరానికి తిరిగొస్తాయి.

బీహెచ్‌సీ పొడి చెప్పిన సంగతి

ఈ ప్రయాణానికి బలమైన రుజువుల్లో ఒకటి మన వైపు నుంచే వచ్చింది.

పాత తరం రైతులకు బీహెచ్‌సీ పొడి, గమాక్సిన్ అన్న పేర్లు బాగా తెలుసు. దాని శాస్త్రీయ నామం హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్, పొట్టిగా హెచ్‌సీహెచ్. ధర తక్కువ, వాడకం తేలిక. 20వ శతాబ్దంలో ప్రపంచమంతటా కోటి టన్నుల వరకు వాడి ఉంటారని అంచనా. అందులో చైనా, భారత్, సోవియట్ యూనియన్‌లది పెద్ద వాటా.

చైనా 1983లో దీన్ని ఆపేసింది. 1990 ప్రాంతంలో సోవియట్ యూనియన్ నిషేధించింది. అదే కాలంలో భారత్ కూడా వ్యవసాయంలో దీని వాడకాన్ని పరిమితం చేసి, 1997లో పూర్తిగా నిషేధించింది. ఆర్కిటిక్ గాలిలో కొలతలు తీస్తున్న శాస్త్రవేత్తలకు ఆల్ఫా హెచ్‌సీహెచ్ పరిమాణం రెండు మెట్లుగా పడిపోవడం కనిపించింది. మొదటి మెట్టు 1983 దగ్గర, రెండోది 1990 దగ్గర. ఆసియా పొలాల్లో చల్లడం ఆగగానే ధ్రువం గాలిలో తేడా తెలిసిపోయింది.

అదే పొడిలో ఉండే బీటా హెచ్‌సీహెచ్ మాత్రం వేరే కథ నడిపింది. అది గాలిలోకి లేవడం కంటే నీటిలో ఉండిపోవడానికే మొగ్గు చూపుతుంది. వర్షంతో సముద్రంలోకి దిగి, పసిఫిక్ ప్రవాహాలతో బేరింగ్ జలసంధి గుండా మెల్లగా ఆర్కిటిక్ చేరింది. గాలిలో ఆల్ఫా రకం తగ్గుతున్న రోజుల్లోనే కెనడా ఆర్కిటిక్‌లోని పక్షి గుడ్లలో బీటా రకం పెరుగుతూ వచ్చింది. ఒక రసాయనాన్ని ఆపేసిన రోజుకూ, అది ప్రకృతిలో తగ్గడం మొదలయ్యే రోజుకూ మధ్య ఎంత దూరం ఉండవచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫలానా గుడ్డులోని ఫలానా అణువు ఫలానా దేశానిదని ఎవరూ చెప్పలేరు. దేశాల వాడకం లెక్కలను ధ్రువం గాలి కొలతల పక్కన పెట్టి చూస్తే మాత్రం సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది.

నీటిలో చుక్క, పక్షిలో గుటక

ఆర్కిటిక్ సముద్రపు నీటిలో ఈ రసాయనాల పరిమాణం చాలా తక్కువ. ఆ నీరు తాగితే ఎవరికీ ఏమీ కాదు. ఆహార గొలుసు ఆ తక్కువను ఎక్కువ చేస్తుంది.

పీసీబీలు, డీడీటీ నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఆర్కిటిక్ జీవులన్నీ కొవ్వు మీదే బతుకుతాయి. కొద్ది నెలల వేసవిలో తిన్నది సుదీర్ఘమైన చలికాలానికి కొవ్వుగా దాచుకోవడం అక్కడి జీవన సూత్రం. సూక్ష్మమైన నాచును చిన్న రొయ్యల్లాంటి జీవులు తింటాయి. వాటిని ఆర్కిటిక్ కాడ్ చేపలు తింటాయి. ఆ చేపలను గిల్లెమాట్ పక్షులు తింటాయి. గ్లాకస్ గల్ ఆ గిల్లెమాట్ల గుడ్లను, పిల్లలను ఎత్తుకుపోయి తింటుంది. ప్రతి మెట్టులోనూ తిన్న ఆహారం ఖర్చయిపోతుంది కానీ అందులోని రసాయనం కొవ్వులో మిగిలిపోతుంది. పై మెట్టుకు చేరేసరికి నీటిలో ఉన్నదానికి లక్షల రెట్లు పేరుకుంటుంది. ఒకే దీవిలో, ఒకే సముద్రం మీద బతుకుతున్నా గిల్లెమాట్ కంటే గ్లాకస్ గల్‌లో ఇవి ఎంతో ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

దీనికి పక్షి ఆయుష్షు కూడా తోడవుతుంది. ఫుల్మార్ అనే సముద్ర పక్షి 40 ఏళ్లకు పైగా బతికిన సందర్భాలున్నాయి. ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. అంతకాలం తిన్న విషంలో కొంత భాగం ఒంట్లో నిల్వ ఉంటుంది. గుడ్డు పెట్టినప్పుడు తల్లి ఒంట్లోని కొవ్వుతో పాటు రసాయనాలు కూడా పచ్చసొనలోకి దిగుతాయి. తల్లి భారం కొంత తగ్గుతుంది. పిల్ల మాత్రం గుడ్డు పగలకముందే ఆ భారంతో జీవితం మొదలుపెడుతుంది.

అయిదు దశాబ్దాల గుడ్ల లెక్క

గుడ్డుకున్న ఈ లక్షణమే శాస్త్రవేత్తలకు పనికొచ్చింది. పక్షిని చంపనక్కర్లేదు. గూటి నుంచి ఒక గుడ్డు తీసుకుంటే తల్లి ఒంట్లో ఏముందో తెలిసిపోతుంది.

కెనడాలోని నూనావుట్ ప్రాంతంలో లాంకాస్టర్ సౌండ్ దగ్గర ప్రిన్స్ లియోపోల్డ్ దీవి ఉంది. సముద్రం నుంచి గోడలా లేచిన దాని కొండ చరియల మీద ఫుల్మార్లు, గిల్లెమాట్లు, కిట్టివేక్‌లు గూళ్లు కడతాయి. కెనడా వన్యప్రాణి శాస్త్రవేత్తలు 1975 నుంచి అక్కడ గుడ్లు సేకరిస్తున్నారు. కొంత భాగాన్ని అప్పటికప్పుడు పరీక్షించి, మిగతాది ఒట్టావాలో గడ్డకట్టించి భద్రపరుస్తున్నారు. ఈ భద్రపరచడం చిన్న విషయం కాదు. 1975లో ఎవరూ ఊహించని రసాయనం గురించి 2005లో అనుమానం వచ్చిందనుకోండి. పాత గుడ్డును బయటికి తీసి అప్పుడు అది ఉందో లేదో చూడవచ్చు.

ఆ గుడ్లు ఏం చెబుతున్నాయి?

మొదట మంచి మాట. పీసీబీలు, డీడీటీ అవశేషాలు 1970ల నుంచి గణనీయంగా తగ్గాయి. దేశాలు ఒకటొకటిగా విధించిన నిషేధాలు ఫలించాయి. నిషేధాల వల్ల ఒరిగేదేమీ లేదనే వాదనకు ఈ గుడ్లు గట్టి సమాధానం.

రెండోది, మంటలు అంటుకోకుండా సోఫా నురగలో, టీవీ, కంప్యూటర్ డబ్బాల్లో కలిపిన పీబీడీఈ అనే బ్రోమిన్ రసాయనాలు. 1975 నాటి గుడ్లలో ఇవి నామమాత్రం. 2000ల తొలి ఏళ్ల వరకు పెరుగుతూ పోయాయి. ఉత్పత్తిదారులు ప్రధాన రకాలను మార్కెట్ నుంచి ఉపసంహరించాక తగ్గుముఖం పట్టాయి. ఇది కూడా నిషేధం పనిచేసిన కథే. కాకపోతే తొలి పాఠం నేర్చుకున్నాక కూడా అదే తప్పు మళ్లీ చేశాక వచ్చిన ఫలితం.

మూడోది, ఫ్లోరిన్ రసాయనాలు. నాన్‌స్టిక్ పెనం, నీరు అంటని జాకెట్, నూనె పీల్చని ఆహార పొట్లం, మంటలార్పే నురగ, ఇలా వందల వస్తువుల వెనుక ఉన్న పీఎఫ్‌ఏఎస్ కుటుంబం ఇది. ఇందులో పొడవైన గొలుసు ఉండే ఆమ్లాలు 1975 నుంచి 2010 దశకం మొదటి వరకు ఈ గుడ్లలో పెరుగుతూనే వచ్చాయి. ఇవి కొవ్వులో కాకుండా రక్తంలోని, కాలేయంలోని ప్రొటీన్లకు అతుక్కుంటాయి. అందుకే పాత పద్ధతుల్లో కొవ్వును పరీక్షించినంత కాలం ఇవి ఎవరి కంటా పడలేదు.

ఈ లెక్కలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పక్షి తిండి మారితే గుడ్డులోని రసాయనమూ మారుతుంది. హడ్సన్ అఖాతం ఉత్తర భాగంలో సముద్రపు మంచు తగ్గడంతో గిల్లెమాట్లు ఆర్కిటిక్ కాడ్ బదులు కేపెలిన్ అనే చిన్న చేపలను ఎక్కువగా తింటున్నాయి. రసాయనం తగ్గితే అది నిషేధం వల్లనా, తిండి మారడం వల్లనా? ఈ తేడా పట్టుకోవడానికి గుడ్డులోని నైట్రోజన్ ఐసోటోపులను కొలుస్తారు. ఆ పక్షి ఆహార గొలుసులో ఏ మెట్టున తింటోందో వాటిని బట్టి తెలుస్తుంది.

పక్షులకు ఏమవుతోంది?

డీడీటీ నుంచి పుట్టే డీడీఈ పక్షి గుడ్ల పెంకును పలచబరుస్తుందని 1960లలోనే తేలింది. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లో డేగల గుడ్ల మీద దీన్ని చూపించారు. ఆర్కిటిక్ సముద్ర పక్షుల్లో కనిపించే హాని ఇంత సూటిగా ఉండదు.

బ్యోర్నోయాలో గ్లాకస్ గల్‌ల రక్తాన్ని పరీక్షించి, తర్వాత వాటి ప్రవర్తనను గమనించిన పరిశోధకులకు కొన్ని సంబంధాలు కనిపించాయి. రసాయనాలు ఎక్కువున్న పక్షులు గూడు వదిలి ఎక్కువసేపు తిరుగుతున్నాయి. థైరాయిడ్ హార్మోన్లలో తేడాలున్నాయి. పేగుల్లో పురుగులు ఎక్కువగా ఉన్నాయి, అంటే రోగ నిరోధక శక్తి తగ్గి ఉండవచ్చు. రెక్కల ఈకలు రెండు వైపులా సమానంగా పెరగడం లేదు. మరుసటి ఏడు అదే గూటికి తిరిగొచ్చే పక్షుల శాతం కూడా తక్కువే. స్వాల్‌బార్డ్‌లోని కిట్టివేక్‌ల మీద నార్వే, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనాల్లో ఒత్తిడికి, సంతానోత్పత్తికి సంబంధించిన హార్మోన్లలో మార్పులు బయటపడ్డాయి. అక్కడ పాదరసం ఎక్కువున్న పక్షులు ఆ ఏడాది గుడ్లు పెట్టకుండా ఉండిపోయే ధోరణి కూడా కనిపించింది.

హాని ఎక్కువగా జరిగేది ఆకలి కాలంలో. పొదిగే పక్షి గూడు వదలలేదు కాబట్టి ఒంట్లోని కొవ్వును ఖర్చు చేస్తుంది. ఏళ్ల తరబడి కొవ్వులో నిద్రపోయిన రసాయనాలు అప్పుడు ఒక్కసారిగా రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు, కాలేయానికి చేరతాయి. తిండి దొరికిన ఏడాది తట్టుకున్న పక్షి, దొరకని ఏడాది తట్టుకోలేకపోవచ్చు. అందుకే సముద్రం వేడెక్కడం, చేపలు తగ్గడం, రసాయనాలు... ఇవి వేర్వేరు సమస్యలుగా కనిపించినా పక్షి శరీరంలో ఒకటిగా కలుస్తాయి.

ఇవన్నీ ఎక్కువగా గమనించిన సంబంధాలే తప్ప ప్రయోగశాలలో నిరూపించిన కారణాలు కావు. ఆర్కిటిక్‌లో పక్షుల సంఖ్య తగ్గిన చోటల్లా తప్పు రసాయనాలదేనని చెప్పడం తొందరపాటు అవుతుంది. కెనడాలో ఐవరీ గల్‌ల సంఖ్య 1980ల నుంచి దాదాపు 80 శాతం తగ్గింది. 1877 నుంచి 2007 వరకు మ్యూజియంలలో దాచిన వాటి ఈకలను పరీక్షిస్తే మిథైల్ పాదరసం 45 రెట్లు పెరిగినట్టు తేలింది. అయినా వేట, మంచు తగ్గడం లాంటి కారణాలను పక్కనపెట్టి పాదరసాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడానికి శాస్త్రవేత్తలు సిద్ధంగా లేరు.

రెట్టతో చెరువుకు చేరిన విషం

పక్షులు కాలుష్యానికి బాధితులు మాత్రమే కావు, వాహకాలు కూడా. కెనడాలోని డెవన్ దీవిలో కేప్ వెరా అనే చోట కొండ చరియ మీద సుమారు పది వేల జతల ఫుల్మార్లు గూళ్లు కడతాయి. అవి వందల కిలోమీటర్లు తిరిగి సముద్రంలో తిని, గూటికొచ్చి రెట్ట వేస్తాయి. ఆ రెట్ట కొండ కిందనున్న చిన్న చెరువుల్లోకి కొట్టుకుపోతుంది. 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, పక్షుల ప్రభావం లేని చెరువులతో పోలిస్తే ఈ చెరువుల అడుగు మట్టిలో హెక్సాక్లోరోబెంజీన్ 10 రెట్లు, పాదరసం 25 రెట్లు, డీడీటీ 60 రెట్లు ఎక్కువగా ఉన్నాయి.

బ్యోర్నోయాలోనూ ఇదే జరిగింది. అక్కడి ఎల్లాస్యోయెన్ సరస్సులోని చేపల్లో పీసీబీలు చాలా ఎక్కువ. కొద్ది కిలోమీటర్ల దూరంలోని మరో సరస్సులో చాలా తక్కువ. గాలి మీద వచ్చిందే అయితే రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. తేడా ఏమిటంటే, మొదటి సరస్సు మీద వేలాది సముద్ర పక్షులు వాలతాయి. అదే రెట్ట ఆ బంజరు నేలకు ఎరువు కూడా. పచ్చదనం, పురుగులు, వాటిని తినే చిన్న పక్షులు, నక్కలు అన్నీ దాని చుట్టూనే బతుకుతాయి. పోషకం వచ్చిన దారినే విషమూ వస్తోంది.

తల్లిపాలలో తేలిన నిజం

ఈ ఆహార గొలుసు పక్షి దగ్గర ఆగదు. సీల్, తిమింగలం, చేప, సముద్ర పక్షి, దాని గుడ్డు ఇన్యుయిట్ ప్రజల సంప్రదాయ ఆహారం.

1980లలో కెనడాలోని క్యుబెక్‌లో ఎరిక్ డువాయీ అనే వైద్య పరిశోధకుడు తల్లిపాలలో పీసీబీలను కొలుస్తున్నారు. పరిశ్రమలున్న దక్షిణ ప్రాంతపు తల్లులతో పోల్చడానికి కాలుష్యం సోకని ప్రాంతమనుకుని ఉత్తరాన ఉన్న నూనావిక్ ఇన్యుయిట్ తల్లుల పాలను తీసుకున్నారు. ఫలితం తలకిందులైంది. ఇన్యుయిట్ తల్లుల పాలలో పీసీబీలు దక్షిణాది తల్లుల కంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువగా ఉన్నాయి.

దీనికి తేలికైన పరిష్కారం లేదు. సీల్ మాంసం మానేయమంటే ఉత్తరాన దుకాణాల్లో దొరికేది అధిక ధరల ప్యాకెట్ తిండి. దానితో వేరే జబ్బులు వస్తాయి. వేట చుట్టూ అల్లుకున్న జీవన విధానమూ దెబ్బతింటుంది. తల్లిపాల వల్ల కలిగే మేలు ఎక్కువ కాబట్టి పాలివ్వడం మానవద్దనే వైద్యులు చెప్పారు. నార్వేలో మాత్రం గల్ పక్షి గుడ్లు పిల్లలు, గర్భిణులు తినవద్దని ఆహార భద్రతా సంస్థ సలహా ఇచ్చింది.

రసాయనాల మీద ప్రపంచ దేశాలు చర్చలు మొదలుపెట్టినప్పుడు ఇన్యుయిట్ ప్రతినిధులు ఆ గదిలో ఉన్నారు. వారి నాయకురాలు షీలా వాట్-క్లూటియే అక్కడ తల్లీబిడ్డల శిల్పాన్ని బహూకరించారు. 2001 మే 22న ఆమోదం పొంది, 2004 మే 17న అమల్లోకి వచ్చిన స్టాక్‌హోమ్ ఒప్పందం పీఠికలోనే ఆర్కిటిక్ జీవావరణం, అక్కడి మూలవాసులు ప్రత్యేకంగా ప్రమాదంలో ఉన్నారని రాసుకున్నారు.

కరుగుతున్న మంచు, కొత్త పేర్లు

ఒప్పందం 12 రసాయనాలతో మొదలైంది. ఆ తర్వాత జాబితా పెరుగుతూనే ఉంది. 2009లో లిండేన్, పీఎఫ్‌ఓఎస్ సహా తొమ్మిది, 2011లో ఎండోసల్ఫాన్ చేరాయి. 2019లో పీఎఫ్‌ఓఏ, 2023లో ప్లాస్టిక్‌ను ఎండ నుంచి కాపాడే యూవీ-328 వచ్చాయి. 2025లో క్లోర్‌పైరిఫాస్‌తో పాటు ఆర్కిటిక్ గుడ్లలో పెరుగుతూ వచ్చిన పొడవు గొలుసు ఫ్లోరిన్ ఆమ్లాలు కూడా చేరాయి.

ఈ క్రమంలో ఒక ఇబ్బంది ఉంది. ఒక రసాయనాన్ని అనుమానించడానికి, కొలవడానికి, దేశాలను ఒప్పించడానికి దశాబ్దాలు పడుతుంది. ఆలోగా పరిశ్రమ దానికి దగ్గరి చుట్టాన్ని మార్కెట్లోకి తెస్తుంది. పీబీడీఈలను ఆపితే వాటి స్థానంలో మరో మంటనిరోధకం, పొడవు గొలుసు ఫ్లోరిన్ ఆపితే పొట్టి గొలుసు ఫ్లోరిన్. వాడకం మొదలుపెట్టే ముందే ఇది నిలిచిపోతుందా, పేరుకుపోతుందా అని పరీక్షించాలన్న డిమాండ్ అందుకే బలపడుతోంది.

మరోపక్క వాతావరణం వేడెక్కుతోంది. దశాబ్దాలుగా మంచులో, చల్లటి నీటిలో చిక్కుకున్న పాత రసాయనాలు మళ్లీ గాలిలోకి లేస్తున్నాయని స్వాల్‌బార్డ్‌లోని జెప్పెలిన్ కేంద్రం, కెనడాలోని అలర్ట్ కేంద్రం 1993 నుంచి 2009 వరకు తీసిన కొలతల విశ్లేషణ 2011లో చూపించింది. ఎప్పుడో ఆపేసిన పురుగుమందు మంచు కరగడంతో మళ్లీ ప్రయాణం మొదలుపెడుతోంది.

భారత్ ఎటువైపు?

జెప్పెలిన్ కేంద్రం ఉన్నది న్యీ-ఓలెసుండ్ అనే పరిశోధనా గ్రామం దగ్గర. అక్కడే 2008 నుంచి భారత పరిశోధనా కేంద్రం హిమాద్రి పనిచేస్తోంది. 2013లో ఆర్కిటిక్ కౌన్సిల్‌లో భారత్‌కు పరిశీలక హోదా దక్కింది. 2022లో ప్రభుత్వం ఆర్కిటిక్ విధానాన్ని ప్రకటించింది. ధ్రువం మంచు కరిగితే మన రుతుపవనాలకు ఏమవుతుందన్నది ఆ ఆసక్తికి ఒక ప్రధాన కారణం. మన దగ్గర నుంచి ధ్రువానికి ఏం వెళ్తోందన్నది కూడా అంతే ముఖ్యమైన ప్రశ్న.

స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని భారత్ 2006 జనవరిలో ధ్రువీకరించింది. అయితే కొత్తగా చేరే రసాయనాలు మనకు వాటంతట అవే వర్తించవు. ఒక్కోదాన్ని విడిగా ధ్రువీకరించాలి. 2020 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఏడు రసాయనాల నిషేధాన్ని ధ్రువీకరించింది. ఆ ఏడింటిలో ఫ్లోరిన్ రసాయనాలు లేవు. ఎండోసల్ఫాన్ విషయంలో 2011లో జెనీవా సమావేశంలో భారత్ మొదట నిషేధాన్ని వ్యతిరేకించి, మినహాయింపులు ఇచ్చాక ఒప్పుకుంది. కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల చుట్టూ జబ్బుపడిన ప్రజల పోరాటం, అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన నిషేధ ఉత్తర్వు లేకుంటే కథ మరోలా ఉండేది.

భారత్ వాదనలో పస లేకపోలేదు. మలేరియా దోమల మీద డీడీటీ వాడకాన్ని ఒప్పందమే అనుమతించింది. ప్రత్యామ్నాయ మందుల ధర చిన్న రైతుకు భారం. పీసీబీలను కనిపెట్టి, దశాబ్దాల పాటు అమ్ముకుని, తర్వాత నిషేధించింది సంపన్న దేశాలే. ఇవన్నీ నిజాలే. ఈ రసాయనాలు మొదట తాకేది ధ్రువపు పక్షిని కాదన్నది కూడా అంతే నిజం. వరిలో, పత్తిలో క్లోర్‌పైరిఫాస్ పిచికారీ చేసే కూలీ, ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో చెదల మందు పోసే మనిషి, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెను చేతులతో ఒంపే పనివాడు, వీళ్లంతా ఆ ప్రయాణం మొదలయ్యే చోట ఉన్నారు. ఆర్కిటిక్ గుడ్డులో కనిపించేది వేల కిలోమీటర్లు దాటాక మిగిలిన శేషం మాత్రమే.

పీసీబీల వాడకాన్ని 2025 డిసెంబరు 31 నాటికి పూర్తిగా ఆపాలని మన దేశంలో 2016లోనే ఉత్తర్వు వచ్చింది. వాటి వ్యర్థాలను 2028 నాటికి సురక్షితంగా వదిలించుకోవాలన్నది ఒప్పందంలోని అంతర్జాతీయ గడువు. పాత సబ్‌స్టేషన్లలో, తుక్కు గోదాముల్లో ఎంత నూనె మిగిలి ఉందో, అది ఎటు పోతోందో లెక్క తేల్చడం ఇక మన రాష్ట్రాల విద్యుత్ సంస్థల, కాలుష్య నియంత్రణ మండళ్ల పని. గడువు కాగితం మీదే ఉండిపోయిందా, అమలైందా అన్నది కొన్నేళ్లకు తెలిసిపోతుంది. ప్రిన్స్ లియోపోల్డ్ దీవిలో గుడ్లు సేకరించే పని ఇంకా ఆగలేదు.